మా అత్త చేతుల కోసం తెచ్చిన పొయ్యి

పోయిన వారం మా చిన్నమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో మంచు కురిసే ఊర్లో ఒక ఇల్లు. గోడలో ఇటుకల గూడు, ఆ గూట్లో సరిగ్గా ఇమిడేటట్టు ఒక ఇనుప పెట్టె, దానికి గాజు తలుపు, లోపల మండుతున్న కట్టెలు. ఆ ఒక్క పొయ్యితో ఇల్లంతా ఎట్లా వెచ్చగా ఉంచుకోవచ్చో స్వెట్టరు వేసుకున్న ఒకాయన చాలా ఓపికగా చెబుతున్నాడు. "మన ఆదోనిలో ఇట్లాంటిది పెట్టుకుంటే మనుషులు ఉడికిపోతారమ్మా" అని అది పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. ఇంత వయసొచ్చాక, కన్న కూతురి ముందు, ఎవరిదో పొయ్యి చూసి సిగ్గుపడటమేమిటని మీరు అనుకోవచ్చు. అట్లాంటి పొయ్యి మా ఇంట్లోనే ఉండేది. ఎమ్మిగనూరులో, మా మామ పెట్టించాడు. ఆ సంగతి మా పిల్లలకు ఇంతవరకూ మేమెవరమూ చెప్పలేదు.

ఎమ్మిగనూరులో చలి ఎంతుంటుందో తెలియని వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. పెద్దగా ఉండదు. మార్గశిర పుష్యమాసాల్లో తెల్లవారుజామున ఒళ్ళు జలదరిస్తుంది, దుప్పటి వదలబుద్ధి కాదు, పొద్దు కాస్త పైకి వచ్చేసరికి ఆ దుప్పటి ఎక్కడ పడేశామో కూడా గుర్తుండదు. అట్లాంటి ఊర్లో కొండ మీది దొరల బంగళాల్లో ఉండే పొయ్యి ఎందుకొచ్చిందంటే, దానికి కారణం మా అత్త చేతులు. అత్త నేతగత్తె. నడిమింట్లో వీధి వాకిలికి దగ్గరగా ఆమె గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేసేది. చలికాలం పొద్దున్నే ఆమె వేళ్ళు ముడుచుకునేవి కావు. వేడినీళ్ళ చెంబు చుట్టూ చేతులు పెట్టుకొని కాసేపు కూర్చుంటే తప్ప పడుగులో అటూ ఇటూ నూలు పోగును లాక్కుపోయే నాడెను విసిరే తాడు పట్టు చిక్కేది కాదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోగా నేను వినలేదు. నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మొదటి సంవత్సరమే కాబట్టి, అది కూడా నేతవాళ్ళ ఆచారమేమో అనుకున్నాను. మేమూ నేసేవాళ్ళమే గానీ మా నాయన కాలానికే మగ్గం పోయింది. ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. నాకు పత్తి తెలుసు, బట్ట తెలుసు, ఆ రెంటికీ మధ్య జరిగేది తెలియదు.

మామ మాత్రం నేతపని చిన్నప్పుడే వదిలిపెట్టి అమ్మకానికి పడ్డాడు. చీరలు, దుప్పట్లు మూటలు కట్టుకొని ఊటీ, కూనూరు దాకా పోయి ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడు. సంవత్సరంలో సగం ఇంట్లో ఉండేవాడు కాదు. ఉన్న సగమూ ఊర్ల కబుర్లు చెప్పేవాడు. మాట మంచి మాట. చేతులు ఊపుతూ చెబుతుంటే వినేవాళ్ళకు తేయాకు వాసన వచ్చేది. మోకాళ్ళు పట్టేసి తిరగడం మానుకున్న ఆ యేడు, ఆఖరి ప్రయాణం ముగించుకొని వస్తూ లారీ మీద ఒక ఇనుప పెట్టె తెచ్చాడు. ఎవరిదో పాత బంగళా పడగొడుతుంటే అందులోంచి ఊడదీసిందట. మోయడానికి నలుగురు కావలసి వచ్చింది. ఇంటి ముందు దించాక గాజు తలుపు మీది దుమ్ము పైపంచెతో తుడిచి, వీధి జనమంతా చూస్తుండగా, లోపలికి కేకేశాడు.

"ఏమ్మే, ఇట్ల రా! ఇంగ నీకు సలి బాధ ల్యా. ఇదొక్కటి ఎలిగిస్తే ఇల్లంతా ఎచ్చగుంటాది."

అత్త గడప దాకా వచ్చింది. పెట్టెను చూసింది, మామను చూసింది. అన్నేళ్ళూ ఆయన ఊర్లు తిరిగి వస్తూ పిల్లలకు తెచ్చాడు, అన్నదమ్ములకు తెచ్చాడు, తన కోసమని అడక్కుండా తెచ్చింది అదే మొదటిదని తర్వాతెప్పుడో ఆమే చెప్పింది. ఆ రోజు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "ఇదేమి ఇంత పెద్దది తెస్తివి" అని లోపలికి పోయింది.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. ఆ పెట్టె గోడలో ఉండే పొయ్యిగూట్లో దూర్చడానికి చేసింది. మా ఇంట్లో గోడ ఉంది గానీ గూడు లేదు. గూడు లేని ఊర్లో గూడు కట్టగలిగిన మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? వచ్చిన మేస్త్రీ కొలతలు తీసుకొని, చాలాసేపు ఆలోచించి, "ఏ దేవునికప్పా ఈ గూడు?" అని అడిగాడు. ఆయనకు పొయ్యి అని నమ్మకం కలిగించడానికి మామకు ఒక పూట పట్టింది. ఇనుప తలుపుతో గోడలో దిగిన పెట్టెను కిటికీలోంచి చూసిన వాళ్ళు తిజోరీ అనుకున్నారు. వానలకు వజ్రాలు బయటపడే జొన్నగిరి చేలల్లో మాకేదో దొరికిందని, అందుకే గోడలో దాచుకున్నామని వీధి చివరి దాకా పాకింది. ఇక పొగ పోవడానికి గొట్టం కావాలి. మాది మట్టి మిద్దె. వెలుతురు కోసం మిద్దెకు పెట్టే కంతను మా వైపు గవాచి అంటారు. మిద్దె పగలగొట్టడం ఎందుకని మామ ఆ గొట్టాన్ని గవాచిలోంచే పైకి లాగించాడు. దాంతో మగ్గం మీద పడే వెలుతురు కాస్తా పోయింది. "లైటు ఏస్తాలే" అని అత్త తల మీద ఒక బల్బు వేలాడదీశాడు. వెలుతురు పోగొట్టి వెచ్చదనం తెచ్చుకున్నామని అప్పుడు ఎవరికీ తోచలేదు.

నాకు మాత్రం ఆ గొట్టంతో తల కొట్టేసినట్టయింది. వీధిలో అన్ని మిద్దెలూ ఒకే ఎత్తున ఉంటే, మా మిద్దె మీద మాత్రం అది నల్లగా నిలబడి పొగ వదిలేది. కొళాయి దగ్గర బిందె పెడితే చాలు, "ఏం పాపా, మీ ఇంట్లో బొరుగుల బట్టీ పెట్నారంట గదా?" అని ఒకరు, "హోటలు యాపొద్దు తెరుస్తారు?" అని ఇంకొకరు. పుట్టింటికి పోతే మా అమ్మ కూడా గొంతు తగ్గించి, మీ మామకు బాగానే ఉందా అని అడిగింది. కొత్త కోడలిని. ఆ ఇంటి పరువు నా మెడలో పుస్తెలతో పాటు పడింది. "బాగనే ఉండాడు" అన్నాను గానీ మొహం ఎత్తి అనలేకపోయాను.

చలి మొదలవగానే పొయ్యి వెలిగింది. ఆస్పరి వైపు నుంచి బండ్ల మీద తుమ్మకట్టె వచ్చేది. మామ దాన్ని చిన్న చిన్న మొద్దులుగా కొట్టించి వరసగా పేర్చుకొని, దాని ముందు పీట వేసుకొని కూర్చునేవాడు. ఒక మాట ఒప్పుకోవాలి, పొయ్యి మంచిది. పొగ ఇంట్లోకి రాదు, గాజులోంచి మంట కనబడుతుంది, ఇనుము కాగి ఆ వేడి నడిమిల్లు దాటి వంటింటి దాకా వస్తుంది. వేడి బయటికి పోకూడదని కిటికీలు మూయించాడు, వీధి తలుపుకు గోతాము వేలాడదీశాడు. పొద్దెక్కేసరికి బయట ఎండ, లోపల పొయ్యి. మామ చొక్కా విప్పేసి, ఒక చేత్తో విసనకర్ర విసురుకుంటూ ఇంకో చేత్తో కట్టె ఎగదోసేవాడు. మాకందరికీ చెమట కారేది. మా ఆయన ఆదోని పత్తి మార్కెట్టులో గుమాస్తా. పొద్దున్నే బస్సెక్కి పోయేవాడు, అదృష్టవంతుడు. నేను వంటింటి వెనక తలుపు దగ్గర కూర్చుని కూరలు తరుక్కుంటూ గాలి పీల్చుకునేదాన్ని.

అత్త వేళ్ళు నిజంగానే బాగయ్యాయి. తెల్లవారుతూనే మగ్గంలో దిగేది. మామ అప్పుడప్పుడు వెనక్కి తిరిగి, "ఏమ్మే, యేళ్ళు ఎట్లుండాయి?" అని అడిగేవాడు. "బాగుండాయి" అనేది. ఆ మాట వినగానే ఆయన మొహం చూడాలి. అమ్మకం బాగా జరిగిన రోజు కూడా అంత వెలిగి ఉండదు. కాకపోతే మగ్గం చప్పుడులోనే ఏదో తేడా వచ్చింది. ఇంతకుముందు ఒకే తీరుగా సాగే చప్పుడు ఇప్పుడు కాస్త నడిచి ఆగేది, మళ్ళీ నడిచి మళ్ళీ ఆగేది. ఆగినప్పుడల్లా అత్త ముందుకు వంగి ఏదో అతుకుతూ ఉండేది. ఇంకొకటి, ఆమె గుంటలోకి దిగేముందు బిందెడు నీళ్ళు తీసుకుపోయేది. తాగడానికేమో అనుకున్నాను.

ఆ మగ్గం మీద ఉన్నవి అత్త వాళ్ళ అక్క, అంటే మా పెద్దత్త ఇంటి పెండ్లికి పెట్టుబడి చీరలు. ఆమె కొడుకు పెండ్లి. వియ్యాలవారి తరఫు ఆడవాళ్ళందరికీ పెట్టాలి. బజారులో కొనవచ్చు గానీ, చెల్లెలి చేతి నేత పెట్టానని చెప్పుకోవాలని పెద్దత్త పట్టుబట్టి, తనే ఏరి నూలు పంపించింది. ఆమె కూడా పుట్టిననాటి నుంచి నేసిన మనిషి. పెండ్లి దగ్గరపడింది, చీరలు రాలేదు. కబురు మీద కబురు వచ్చింది. మామ "రమ్మను వదినను, వచ్చి మన పొయ్యి గూడా సూసిపోతాది" అని తిరుగు కబురు పంపాడు.

ఆమె ఒక ఉదయం ఇద్దరు కోడళ్ళను వెంటబెట్టుకొని వచ్చింది. మామ ఆ రోజు కట్టె మామూలు కంటే ఎక్కువే వేశాడు. వాళ్ళను పొయ్యికి ఎదురుగా మంచం మీద కూర్చోబెట్టి, తలుపు గడియ ఎట్లా పడుతుందో, గాలి ఎక్కువ తక్కువ చేసే మర ఎట్లా తిరుగుతుందో చూపించాడు.

"సూడు వదినా, ఒక్క పొయ్యి! ఇల్లంతా ఎచ్చగ. మీ సెల్లెలు ఈసారి సలి అన్న మాటే అనల్యా."

కోడళ్ళు పైట కొంగులతో మొహాలు తుడుచుకున్నారు. పెద్దత్త లేచి నేరుగా మగ్గం దగ్గరికి పోయింది. అత్త గుంటలోనే కూర్చుని "రా అక్కా, కూసో" అన్నది గానీ లేవలేదు. పెద్దత్త, మగ్గం పొడవునా సాగదీసి ఉన్న పడుగు పోగుల మీద అరచేతి వెనకవైపు పెట్టి అటునుంచి ఇటు తెచ్చింది. పసిపిల్ల ఒంట్లో జ్వరముందేమో చూసినట్టు చూసింది. తర్వాత నేత అయిన బట్టను వెనక్కి తిప్పింది.

"ఇదేందే? యాడ సూసినా ముడే! పెండ్లిలో పెట్టేదా ఇది?"

"నూలు మంచిది గాదు అక్కా" అన్నది అత్త. "ఊకూకనే తెగతాంది."

"నేను ఏరి పంపిన నూలా?"

"నీకు తెలియకుండ అంగడోడు మార్సి ఇచ్చినాడేమో."

నేను వంటింటి గుమ్మంలో నీళ్ళ గ్లాసులు పట్టుకొని నిలబడిపోయాను. అత్త నోట అబద్ధం రావడం నేను ఎరగను. అదీ సొంత అక్క మీద, నేత విషయంలో. పెద్దత్త మొహం ఎర్రబడింది. తన నూలును తప్పు పట్టడమంటే ఆమెకు తన పెంపకాన్ని తప్పు పట్టినట్టే.

"లెయ్. నేను కూసోని సూస్తా, నూలుది తప్పో సెయ్యిది తప్పో."

"కాలు తిమ్మిరి పట్టింది, కాసేపాగు."

"లెయ్యమంటాంటే!"

అత్త లేవలేదు. అప్పుడు పెద్దత్త వంగి, చంకల కింద చేతులు వేసి, చిన్నపిల్లను ఎత్తినట్టు ఆమెను గుంటలోంచి పైకి లాగింది. అత్త కాళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పాదాలు నానిపోయి తెల్లగా ముడతలు పడి, మడమలు వాచి పగిలి ఉన్నాయి. గుంట అడుగున తడిపిన గోతాలు, వాటి మీద నిలిచిన నీళ్ళు. పడుగు కింద పొడవునా తడిగుడ్డలు పరిచి ఉన్నాయి.

నాకు ఆ తర్వాత అర్థమైంది, అక్కడున్న మిగతా వాళ్ళందరికీ అప్పుడే అర్థమైంది. నూలుకు తేమ కావాలి. గుంట మగ్గం నేలలో ఉండేది అందుకే. గాలి ఎండిపోతే పడుగు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. ఎండాకాలంలో నేతవాళ్ళు గుంటలో నీళ్ళు చల్లుకొని, పొద్దెక్కకముందే నేసుకొని లేస్తారు. మా మామ ఆ ఎండాకాలాన్ని తెచ్చి చలికాలంలో గోడకు పెట్టాడు. ఆయన పొయ్యి ముందు కూర్చుని చేతులు బాగున్నాయా అని అడిగిన ప్రతిసారీ, ఆమె చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని బాగున్నాయని చెప్పింది.

అత్త ఎవరి వైపూ చూడకుండా, కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చేసింది. నల్ల బండల మీద ఆమె తడి అడుగులు గుంట దగ్గర నుంచి గుమ్మం దాకా పడ్డాయి. మేమందరం వాటినే చూస్తున్నాం. పొయ్యి వేడికి అవి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

పెద్దత్త మామ వైపు తిరిగింది. కోపంగా ఏమైనా అన్నా బాగుండేది. చాలా నెమ్మదిగా అడిగింది.

"ఎండాకాలం మీయమ్మ గుంతలో నీళ్ళు సల్లుకునేది నువ్వు సూడల్యా అప్పా?"

"సూసినా వదినా" అన్నాడు మామ. "సూసినా. నేనే మోసిస్తాంటి ఆ నీళ్ళు."

తెలియక చేసినవాడికి ఒక్కటే సిగ్గు. తెలిసినదాన్ని మరిచిపోయి చేసినవాడికి ఆ సిగ్గు ఎక్కడ దించుకోవాలో తెలియదు. వదిన ముందు, కోడళ్ళ వరసైన వాళ్ళ ముందు, సొంత కోడలి ముందు, ఆ పెద్దమనిషి చొక్కా లేని ఒంటితో, చేతిలో విసనకర్రతో నిలబడి ఉన్నాడు. నేను తల దించుకున్నాను. అన్నాళ్ళూ ఆ గొట్టం వల్ల వీధిలో నా పరువు పోతున్నదని కుమిలిపోయినదాన్ని, అప్పుడు ఆయన సిగ్గు ముందు నాది ఎంత చవకదో తెలిసింది. ఆయన పీట మీద కూలబడి, పొయ్యిలో కట్టె ఎగదోయడం మానేశాడు. మంట తగ్గుతూ వచ్చింది. వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది. అందరికీ వినపడేలాగానే అన్నది.

"ఎందుకార్పుతాండావు? వచ్చినోళ్ళకు సలిపెట్టదా?"

ఆ మాటకు మామ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

పెద్దత్త పెండ్లి పనులు కోడళ్ళకు అప్పజెప్పి మా ఇంట్లోనే ఉండిపోయింది. గుంట ఆరబెట్టించి, కిటికీలు తెరిపించి, మిగతా చీరలు తనే కూర్చుని నేసింది. అత్త కాళ్ళు మంచం మీద పెట్టుకొని నాడెలోకి నూలు కండెలు చుట్టి ఇచ్చేది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గొణుక్కుంటూ, మధ్యలో నవ్వుకుంటూ పని ముగించారు. ముడులున్న చీరను పెద్దత్త ఎవరికీ పెట్టలేదు. పెండ్లిలో తనే కట్టుకుంది. మామ ఆ పెండ్లికి రాలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపించాడు. గొట్టం పీకించేశాడు, గవాచిలోంచి వెలుతురు మళ్ళీ మగ్గం మీద పడింది. ఇనుప పెట్టె మాత్రం గోడలోంచి రానని మొరాయించింది. అత్త దాన్ని కడిగి తుడిచి కండెలు దాచుకుంది. ఎవరైనా చుట్టాలు వచ్చి అదేమిటని అడిగితే మామ కంటే ముందు తనే "కండెల బీరువా, మా ఇంటాయన కూనూరు నుంచి తెచ్చినాడు" అనేది. దానిలోకి ఎలుకలు దూరలేవని మెచ్చుకునేది కూడా. మామ లేచి బయటికి పోయేవాడు. ఊర్ల కబుర్లు చెప్పడం ఆయన తగ్గించేశాడు. మాట పోయిన ఇల్లు ఎట్లా ఉంటుందో మాకప్పుడు తెలిసింది.

అత్త కాళ్ళు మళ్ళీ మునుపటిలా కాలేదు. నేసేది, కానీ గుంటలోంచి లేచేటప్పుడు ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. ఆ చెయ్యి మామదే. ఎక్కడున్నా మగ్గం చప్పుడు ఆగిందంటే వచ్చేవాడు. మరుసటి చలికాలం ఒక తెల్లవారుజామున కళ్ళాపి చల్లడానికి లేచి, నీళ్ళ కోసం పెరట్లోకి పోయాను. మగ్గానికి దూరంగా, గోడవార, మట్టి కుంపట్లో నిప్పులు. వాటి ముందు అత్త, ఎదురుగా మామ. ఆమె చేతులు రెండూ తన చేతుల్లో పెట్టుకొని నిప్పుల మీద కాపుతున్నాడు. ఆమె పాదాలు ఆయన ఒళ్ళో ఉన్నాయి, వాటికి ఆముదం రాసి గుడ్డ చుట్టి ఉంది. మా వైపు అత్తామామలు కోడలి ముందు పక్కపక్కన కూర్చోవడమే అరుదు. భార్య కాళ్ళు మగవాడు ఒళ్ళో పెట్టుకోవడమనేది విననే వినలేదు.

"ఇడ్సు. కోడలు సూస్తాది" అంటోంది అత్త.

"సూడనీ" అన్నాడు మామ. "పోయినేడు అందురూ సూసినారు గదా. ఇది గూడా సూడనీ."

నేను చూడలేదు. ఒళ్ళంతా సిగ్గు కమ్మి, ఖాళీ బిందె చంకన పెట్టుకొని చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. ఆ చలికాలమంతా, ఆ తర్వాత వాళ్ళున్నన్ని చలికాలాలూ, ఆ వేళకు పెరటి వైపు పోకుండా వీధి కొళాయి నుంచే నీళ్ళు తెచ్చుకున్నాను. అదే మర్యాద అనుకున్నాను, మర్యాదే కావచ్చు కూడా. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ ఉదయం నేను తల తిప్పుకున్న చోటుకు నా మనసు మాటిమాటికీ పోయి నిలబడుతుంది గానీ, అక్కడ ఇంకొక్క క్షణం ఎక్కువ చూడనివ్వమంటే కాలం ఒప్పుకోవడం లేదు.